అతిథుల కోసం దాచిన బొమ్మలు

సారీకెచూ, మెడికల్ ఇన్‌స్టిట్యూట్ హాస్టల్
సెప్టెంబర్ 2003

కుమూష్ అక్కకి నీ చెల్లెలు జీపారా రాసేది,

నువ్వు కుట్టి పంపిన తెల్లకోటు అందింది. డ్రైవర్ మామత్ బాబాయి బస్సు వీధిలో వదిలేసి హాస్టల్ గుమ్మం దాకా వచ్చి మరీ ఇచ్చాడు. "కనుమ దాటేదాకా ఒళ్ళోనే పెట్టుకున్నానమ్మా, ముడత పడితే మీ అక్క నా చర్మం కుట్టేస్తుంది" అన్నాడు. భుజాల దగ్గర సరిగ్గా కుదిరింది. నా గదిలో ఉండే మీర్‌గుల్ వేసుకుని చూసుకుని, విప్పనంటే విప్పనని కూర్చుంది.

నాలుగో ఏడు మొదలైంది. ఇక మా క్లాసులు ఎక్కువగా ఆస్పత్రిలోనే. కాలేజీ మెట్లకి కొత్తగా పాలరాయి వేశారు. గోడలన్నిటికీ రంగు. విదేశాల వాళ్ళు దానంగా బొమ్మలు పంపారు. ఒకటి నిలువెత్తు మనిషి బొమ్మట. ఛాతీ మీద నొక్కితే నిజం మనిషిని నొక్కినట్టే ఉంటుందట. పసిబిడ్డ బొమ్మ కూడా ఉందట. వాటికోసం ప్రత్యేకంగా ఒక గది కట్టారు. మా డీన్ రోజా ఇసాకోవ్నా మొదటిరోజు మీటింగులో "మీ అంత అదృష్టవంతులు ఈ దేశంలో లేరు" అన్నారు. నిజమే అనుకుంటాను.

ప్రొఫెసర్లు గొప్పవాళ్ళు. వాళ్ళు చెప్తారు, మేం రాసుకుంటాం. చాలా రాసుకుంటాం.

అమ్మ గొర్రెలతో కొండ దిగిందా? "మన డాక్టరమ్మ ఎప్పుడొస్తుంది" అని ఊళ్ళో అందరూ అడుగుతున్నారని కబురంపింది. నా గురించి బెంగ పెట్టుకోకు. ఇక్కడ అంతా బాగుంది. చాలా బాగుంది.

జీపారా


బిష్కెక్, కుట్టు షెడ్డు
సెప్టెంబర్ ఆఖరు

ఏమే జీపారా,

పద్ధతి ప్రకారం ముందు పశువులూ మనుషులూ క్షేమమా అని అడగాలి. ఇక్కడ పశువుల్లేవు, మిషన్లున్నాయి. అవి క్షేమం. వాటికి నూనె పోస్తారు కాబట్టి.

నీ ఉత్తరం మధ్యాహ్నం తిండి దగ్గర అందరికీ చదివి వినిపించాను. మా అందరిలోకీ పెద్దది, అందరికీ అక్క, బూబూషా ఎజె రొట్టె నములుతూ వింది. విని, "పాలరాయి బాగుంది, గోడలు బాగున్నాయి. ఇంతకీ పిల్లేదే?" అంది. నా నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. నిజమే కదా. నీ ఉత్తరంలో భవనం ఉంది, నువ్వు లేవు. బొమ్మ ఉందట, నొక్కితే అలా ఉంటుందట. నువ్వు నొక్కలేదా? "చాలా బాగుంది" అని రెండోసారి ఎవరికోసం రాశావ్?

మా షెడ్డుకి పోయిన వారం నారిన్ వైపు నించి కొత్తపిల్ల వచ్చింది. వచ్చిన రోజే మిషన్ ముందు కూర్చోబెట్టాం. గోరులోంచి సూది దిగింది. ఏడ్చింది. మేం నవ్వాం, కట్టు కట్టాం, మళ్ళీ కూర్చోబెట్టాం. ఇవాళ జేబులు కుడుతోంది. ఆ పిల్లని దూరంగా నిలబెట్టి "కుట్టు ఇలా వేస్తారు, రాసుకో" అంటే పదేళ్ళయినా ఏం కుడుతుంది? నోటుపుస్తకం తొడుక్కుని తిరుగుతామా?

నాకు తియ్యటి ఉత్తరాలొద్దు. నేను నీ అక్కని, ఇన్‌స్పెక్టర్‌ని కాదు. ఉన్నది రాయి.

కుమూష్


సారీకెచూ
అక్టోబర్

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండ్రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. మూడోరోజు వార్డుకి వెళ్ళాక ఆ కోపం నా మీదకి తిరిగింది.

సరే, ఉన్నది రాస్తున్నాను. మన ఇళ్ళల్లో గుమ్మానికి ఎదురుగా ఉన్న చోటు పెద్దలకి, గుమ్మం పక్కన ఎముకలు కొరికే గాలి తగిలే చోటు చిన్నవాళ్ళకి కదా. వార్డులోనూ అంతే. రోగి తల దగ్గర ప్రొఫెసర్ అసన్‌కుల్ షారిపోవిచ్. ఆయన పక్కన ఆయన శిష్యులు. తర్వాత డాక్టర్ల పిల్లలు. తర్వాత పట్నం అబ్బాయిలు. ఆఖర్న తలుపుకి ఆనుకుని మేము, ఊళ్ళనించి వచ్చినవాళ్ళం. ఎవరూ పొమ్మనలేదు. మాకై మేమే వెళ్ళి అక్కడ నిలబడతాం. చిన్నప్పటినించీ కాళ్ళకి తెలిసిన చోటు కదా. నేను ఈ నెలంతా చూసింది తైయిర్‌బెక్ వీపు. అతను మా బ్యాచ్‌లో పన్నెండుమందిలోకీ పొడుగు. అతని కోటు కుట్టు ఎక్కడ ఊడిందో చెప్పగలను గానీ, మంచం మీద మనిషికి నొప్పి ఎక్కడో చెప్పలేను.

మొన్న ధైర్యం చేసి "వినపడటం లేదు సార్" అన్నాను.

"వినపడకపోతే పుస్తకంలో చదువుకో. అదీ నేనే రాశాను" అన్నాడాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదే మండుతోంది.

బొమ్మల గది సంగతి. తాళం వేసి ఉంది. వచ్చినప్పటి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. తాళాలు చూసే కాలీచా ఎజె మంచిదే. కిటికీలోంచి చూస్తుంటే పట్టుకుంది. "చూడండి గానీ ముట్టుకోకండి తల్లీ. ఇంట్లో కొత్త పరుపులు గోడవార పేర్చి పెట్టుకోమూ? అతిథులొస్తే దించుతాం. మనం పాతవాటి మీద పడుకుంటాం. ఇదీ అంతే" అంది. మీర్‌గుల్ వెంటనే, "మా ఇంట్లో అతిథికి నిద్రొస్తే పరుపు వేస్తాం ఎజె. ఇక్కడ రోగికి ఊపిరాగితే బొమ్మని దించుతారా?" అంది. కాలీచా ఎజె చీపురెత్తింది. పారిపోయాం.

నాలుగో ఏడు అక్కా. ఇంతవరకూ ఒక్క మనిషి పొట్ట మీద నా చెయ్యి వెయ్యలేదు.

జీపారా


బిష్కెక్
అక్టోబర్ ఆఖరు

జీపారా,

చదువుతూ కత్తెర బల్లకేసి కొట్టాను. మొన పోయింది. దానికో చీవాట్లు తిన్నాను. ఫరవాలేదు.

మా షెడ్డులో ఓనరు కిటికీలకి మేకులు కొట్టించిన సంగతి నీకు చెప్పలేదు. గుడ్డ మీద దుమ్ము పడుతుందని. మా ఊపిరితిత్తుల్లో పడితే పరవాలేదట. ఒక్కొక్కళ్ళం వెళ్ళి బతిమాలాం. ఒక్కొక్కళ్ళనీ తిట్టి పంపాడు. ఒకరోజు బూబూషా ఎజె మిషన్ ఆపి లేచి నిలబడింది. నేను లేచాను. వరసగా అందరం. అరవలేదు, నినాదాల్లేవు. మిషన్లాగిన షెడ్డు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో తెలుసా? వాడికి చెమటలు పట్టాయి. మేకులు వాడి చేత్తోనే పీకాడు.

నువ్వొక్కదానివే మాట్లాడితే నువ్వు తలపొగరు పిల్లవి. పన్నెండుమందీ మాట్లాడితే అది మీ బ్యాచ్ మాట. వెళ్ళండి. ఆ తైయిర్‌బెక్‌ని ముందు నిలబెట్టు, వీపు కాకుండా మొహం చూపించమను.

కుమూష్


సారీకెచూ
డిసెంబర్

అక్కా,

వెళ్ళాం. పన్నెండుమందీ. డీన్ గదిలో తివాచీ మీద వరసగా నిలబడ్డాం. బొమ్మల గది తెరవమన్నాం. రోజా ఇసాకోవ్నా అంతా విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "విరిగితే?" అన్నారు. ఆ ఒక్కమాటే. "వెళ్ళి చదువుకోండి" అన్నారు. బయటికొచ్చేశాం.

తర్వాతది నీకు రాయకూడదనుకున్నాను.

మమ్మల్ని ప్రాక్టీసుకని జిల్లా ఆస్పత్రికి పంపారు. అక్కడ ఒకావిడకి కాన్పు. బిడ్డ పుట్టింది, ఏడవలేదు. నీలంగా ఉంది. డ్యూటీ డాక్టరు తల్లికి రక్తం ఆపుతోంది. తల తిప్పకుండా నాతో "ఊపిరి పెట్టు!" అంది. ముక్కూ నోరూ కప్పే ముసుగు, గాలి తిత్తీ నా చేతికిచ్చారు. అక్కా, దాని గురించి నేను పరీక్షలో రెండు పేజీలు రాశాను. పూర్తి మార్కులొచ్చాయి. చేతిలోకి వచ్చేసరికి ఏ కొస ముక్కువైపో, ఏ కొస గడ్డం వైపో తెలియలేదు. తలకిందులుగా పెట్టాను. గాలంతా పక్కలనించి పోతోంది. నేను నొక్కుతూనే ఉన్నాను. డాక్టరు వచ్చి నన్ను భుజంతో తోసి, తిప్పి పెట్టి, నొక్కింది. బిడ్డ ఏడ్చింది. అందరూ నవ్వారు, తల్లి కూడా. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

ఆ డాక్టరు తర్వాత నన్ను "నాలుగో ఏడా?" అని మాత్రం అడిగింది. తిట్టినా బాగుండేది.

నేను వచ్చేస్తాను. మీ షెడ్డులో నాకో మిషన్ చూడు. అక్కడ నేను తప్పు కుడితే జేబు పాడవుతుంది. అంతే కదా.

జీపారా


బిష్కెక్
డిసెంబర్

జీపారా,

మిషన్ లేదు. ఉన్నా ఇవ్వను.

ఏడ్చావు కదా, చాలు. ఇప్పుడు విను. మనిద్దరిలో ఒక్కళ్ళనే చదివించగలనని నాన్న అన్నప్పుడు, "చెల్లిని చదివించు" అని నేనే అన్నాను. మీరంతా నాకు చదువంటే ఇష్టం లేదనుకున్నారు. ఇష్టం లేకనా? నువ్వు ఇంట్లో వదిలేసిన మొదటేడు పుస్తకాలు నా పెట్టెలో ఉన్నాయి. తిండివేళ చదువుతాను. సగం అర్థం కాదు. అర్థం కాని చోట గీత గీస్తాను, నువ్వొచ్చినప్పుడు అడగాలని. ఎన్ని గీతలో! నువ్వు డాక్టరువి కాకపోతే ఆ గీతలన్నీ నేనెవర్ని అడగాలే?

జేబు పాడవుతుందట, అంతేనట! షెడ్డంటే నీకు చదువుని ఎగ్గొట్టి దాక్కునే చోటులా ఉందా? ఇక్కడ పని తెలిసిన ఆడవాళ్ళున్నారు. పని నేర్పని చోటునించి పారిపోయి వచ్చేవాళ్ళకి ఇక్కడ చోటు లేదు.

ఆ ముసుగు తలకిందులుగా పెట్టింది నీ చెయ్యి. ఆ చేతికి నాలుగేళ్ళు దాన్ని ముట్టనివ్వని వాళ్ళెవరు? సిగ్గుపడాల్సింది ఎవరో ఒకసారి ఆలోచించు. ఆ బిడ్డ బతికింది కదా. రేపు పుట్టే బిడ్డ సంగతి చూడు. నువ్వొచ్చేస్తే మీర్‌గుల్ చేతికిస్తారు ఆ తిత్తి. ఆ పిల్లకి తెలుసా ఎలా పెట్టాలో?

అక్కడే ఉండు. పోట్లాడు.

కుమూష్

(మామత్ బాబాయి చేత ఎండుపెరుగు ఉండలు పంపుతున్నాను. క్లాసులో కొరకొద్దు, చప్పుడవుతుంది.)


సారీకెచూ
మార్చి 2004

అక్కా,

కనుమలో మంచు విరిగిపడి బస్సులు ఆగిపోయాయి కదా, నీ ఉత్తరం ఇప్పటికి చేరింది. ఉన్నాను. ఎక్కడికీ రావడం లేదు.

ఇక్కడంతా పండగ హడావిడి. ఏప్రిల్లో కమిషన్ వస్తోంది. రాజధానినించి పెద్దలు, బొమ్మలిచ్చిన విదేశీయులు. విద్యార్థులు ఎలా చదువుకుంటున్నారో విద్యార్థుల నోటే వింటారట. అందుకని మా నోళ్ళకి శిక్షణ జరుగుతోంది. "మీరు వారానికెన్నిసార్లు బొమ్మల మీద సాధన చేస్తారు?" "రెండుసార్లు!" "రోగుల్ని ఎవరు పరీక్షిస్తారు?" "అందరం!" కోరస్‌గా. బాగా అరిచిన వరసకి మెప్పు.

స్టేజీ మీద ప్రసంగం చదవడానికి ఎవర్ని ఎంచారో ఊహించు. నన్నే. నాది గంట లాంటి గొంతట. కాగితం కూడా వాళ్ళే రాసిచ్చారు.

"ఇందులో ఉన్నది నిజం కాదు కదండీ" అన్నాను రోజా ఇసాకోవ్నాతో. ఆవిడ కోప్పడలేదు. "అతిథుల ముందు చిరిగిన పరుపు వేస్తామా జీపారా? మీ అమ్మ వేస్తుందా?" అన్నారు. నేను తలుపు వైపు తిరిగాను. అప్పుడు తలుపు దాకా వచ్చి, మెల్లగా, "మాట తేడా వస్తే అయిదో ఏడు జాబితాలో నీ పేరుండదు" అన్నారు.

అక్కా, ఆవిడన్న మొదటిమాటకే నేను ఎక్కువ భయపడ్డాను. రెండోది బెదిరింపు. మొదటిది నిజం. అమ్మ వెయ్యదు. అతిథి ముందు ఇంటి చిరుగు చూపించిన మనిషిని మనవాళ్ళలో ఎవరు క్షమిస్తారు? నా బ్యాచ్‌వాళ్ళే క్షమించరు. చదివేస్తే ఆ గదికి ఇంకో నాలుగేళ్ళు తాళం. చదవకపోతే నాకు.

ఏం చెయ్యను?

జీపారా


బిష్కెక్
మార్చి ఆఖరు

జీపారా,

నేనైతే కాగితం చింపి "అబద్ధం!" అని అరుస్తాను. కానీ నా దగ్గర ఉన్నది అరుపే. నీకు నాకంటే బుర్ర ఎక్కువ. షెడ్డంతా తలోమాటా చెప్పారు. ఒకత్తి "జ్వరం వచ్చిందని పడుకోమను" అంది, దాన్ని కొట్టబోయాను. బూబూషా ఎజె మాత్రం, "అతిథి ముందు అరిచేవాడికి మర్యాద తెలీదు. అతిథికి అబద్ధం వడ్డించేవాడికి దేవుడు తెలీదు. ఈ రెండిటి మధ్య దారి ఒకటుంటుంది, పిల్లని వెతుక్కోమను" అంది.

నీ పేరు తీసేస్తే నేను పనిమానేసి వచ్చి మీ పాలరాతి మెట్ల మీద కూర్చుంటాను. నాకూ భయంగానే ఉంది. అయినా చదవకు.

కుమూష్


సారీకెచూ
ఏప్రిల్

అక్కా! అక్కా! కూర్చుని చదువు. కత్తెర దూరంగా పెట్టు.

కమిషన్ రావడానికి ముందు ఆదివారం కాలీచా ఎజె మనవరాలు నడక నేర్చిందని తుషో వేడుక చేశారు. మమ్మల్నందర్నీ పిలిచింది. పిల్ల రెండు చీలమండలనీ నలుపూ తెలుపూ కలిపి పేనిన దారంతో జోడించి కట్టారు. మేం వీధి చివరినించి పరుగు పందెం. తైయిర్‌బెక్ గెలిచి దారం కోశాడు. పిల్ల ఒక్కసారి కిందికి చూసుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తడబడుతూ ఉరికింది. వంటింట్లో ఉన్న ముసలమ్మ "కొయ్యకపోతే జీవితమంతా తూలుతూనే ఉండేది" అంటోంది. నేను మీర్‌గుల్ వైపు చూశాను. మీర్‌గుల్ నావైపు చూసింది. మిగిలిన దారం ఉండ అడిగి తెచ్చుకున్నాం.

కమిషన్ రోజు. హాలు నిండా జనం. ముందు వరసలో విదేశీయులు, దుబాసీ. మధ్యలో తెల్లటి ఎత్తు టోపీ పెట్టుకుని ఒక ముసలాయన, జూమాబాయ్ తాత. ఒకప్పుడు మా ఆస్పత్రిలోనే పెద్ద సర్జన్. రోజా ఇసాకోవ్నాకి కూడా ఆయనే గురువట. నా పేరు పిలిచారు. స్టేజీ మీదకి నడిచాను. నా వెనక మా బ్యాచ్ పదకొండుమంది. అందరం చిన్నచిన్న అడుగులు వేస్తూ, బాతుల్లా. మెట్టెక్కుతూ తైయిర్‌బెక్ బోర్లా పడబోయాడు. హాల్లో నవ్వులు.

"ఏమ్మా, కాళ్ళు నొప్పులా?" అన్నాడు తాత.

కోటు అంచు పైకెత్తాను. చీలమండలకి నలుపూ తెలుపూ దారం. పన్నెండుమందికీ.

"లేదు తాతా. మేం నడక మొదలుపెట్టి నాలుగేళ్ళయింది. ఇంతవరకూ ఎవరూ మా తుషో కొయ్యలేదు."

నువ్వు చెప్పావే మిషన్లాగిన షెడ్డు, హాలు అలా అయిపోయింది. రోజా ఇసాకోవ్నా లేచారు. "జీపారా, కాగితం చదువు."

తాత చెయ్యెత్తాడు. "ఆగు రోజా. కాళ్ళకి తుషో కట్టి ఉన్న పిల్లని నిలబెట్టి ప్రసంగం చెప్పిస్తారా ఎక్కడైనా? పాపం తగులుతుంది. చెప్పమ్మా, దేనికి కట్టారు?"

"తాతా, అతిథి ముందు ఇంటి చిరుగు చూపించకూడదని నాకు తెలుసు. ఈ పెద్దమనుషులు అతిథులు. మీరు అతిథి కాదు, ఈ ఇంటి తాత. తాతతో మనవలు చెప్పుకోవచ్చు కదా? ఆ వరండా చివర ఒక గది ఉంది. అందులో బొమ్మలున్నాయి. మేం కిటికీలోంచి చూశాం, ముట్టుకోలేదు. వార్డులో రోగులున్నారు. వాళ్ళనీ తలుపు దగ్గర్నించి చూశాం, ముట్టుకోలేదు. రేపు వాళ్ళు మా చేతుల్లో పడతారు. మా చేతులకేమీ తెలియదు."

అంతే అన్నాను.

దుబాసీ విదేశీయులకి చెప్పడం మానేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. తాత లేచాడు. మీసం సవరించుకున్నాడు. "మరి పరుగేదీ? పరుగు లేకుండా తుషో ఎవడు కోస్తాడు?" అని హాలంతా వినపడేలా అరిచాడు. "ఒరే పిల్లలూ! హాలు గుమ్మం నించి ఆ గది తలుపు దాకా. ముందు తగిలినవాళ్ళకి నా కత్తి!"

అక్కా, ఏమని చెప్పను! మూడువందల మంది ఒక్కసారి లేచారు. కుర్చీలు పడ్డాయి. మొదటేడు, రెండో ఏడు, పట్నం అబ్బాయిలు, డాక్టర్ల పిల్లలు, అందరూ. వరండా దద్దరిల్లింది. పాలరాయి మీద జారి పడ్డవాళ్ళ మీదనించి దూకుతున్నారు. మేం పన్నెండుమందీ వెనక గెంతుకుంటూ, ఒకళ్ళ భుజాలు ఒకళ్ళు పట్టుకుని. గెలిచిందెవరో తెలుసా? మొదటేడు చదివే చోల్పోన్ అని పిట్ట లాంటి పిల్ల. బూట్లు విప్పి చేత పట్టుకుని ఉరికింది. తలుపుకి రెండు చేతులూ ఆన్చి "నాదే!" అని కేక పెట్టింది.

ఆ పిల్లే తాత కత్తితో మా దారాలు కోసింది, ఒకటొకటిగా. కోసినప్పుడల్లా వరండా అంతా చప్పట్లు. మా ప్రొఫెసర్ అసన్‌కుల్ షారిపోవిచ్ కూడా గోడ పక్కన నిలబడి, చేతులు ఏం చెయ్యాలో తెలియక, ఆఖరికి చప్పట్లే కొట్టాడు.

కాలీచా ఎజె తాళంచెవితో వచ్చింది. ఎవరూ అడగకుండానే.

తలుపు తీశాక తాత ప్లాస్టిక్‌లో పడుకున్న బొమ్మల్ని చూశాడు. తర్వాత మెల్లగా, "రోజా, నువ్వు నా దగ్గర నేర్చుకునేటప్పుడు నీ చేతికి నేనెప్పుడైనా తాళం వేశానా?" అన్నాడు.

రోజా ఇసాకోవ్నా ఒక బొమ్మ మీది ప్లాస్టిక్ సవరించారు. "గురువుగారూ, మీరు వెళ్ళిపోయాక ఏళ్ళతరబడి ఇక్కడ ఏమీ రాలేదు. చేతి తొడుగులు ఉతికి ఆరేసుకుని వాడాం. ఒకటి చిరిగితే మళ్ళీ ఎవరిస్తారు? అలవాటైపోయింది. దాచడమే వచ్చు నాకు."

నేనావిడ మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. రాలేదు అక్కా.

తాత చేతులు చాచాడు. మేమందరం చాచాం. "మీ కాళ్ళకి అడ్డు లేకుండుగాక, మీ చేతులు పని మరవకుండుగాక" అని దీవించాడు. ఆమీన్ అని చాచిన అరచేతులతో మొహాలు నిమురుకున్నాం.

నా పేరు జాబితాలో ఉంటుందో లేదో ఇంకా తెలియదు. అయినా ఇవాళ నిద్ర పట్టేలా లేదు, ఆనందంతో.

జీపారా


బిష్కెక్
ఏప్రిల్ ఆఖరు

నా బంగారు చెల్లీ,

నీ ఉత్తరం నేను పూర్తిగా చదవలేకపోయాను. "మూడువందల మంది లేచారు" దగ్గర కాగితం పక్కకి ఇచ్చేశాను. మిగతాది జేబులు కుట్టే పిల్ల చదివింది. "నాదే!" దగ్గర షెడ్డంతా లేచి నిలబడింది. ఓనరు పరిగెత్తుకొచ్చాడు, మళ్ళీ కిటికీ గొడవేమోనని. "ఏం కాలేదు, మా పిల్ల గెలిచింది" అన్నాం. "ఏ ఆటలో?" అన్నాడు. బూబూషా ఎజె, "నీకు రాని ఆటలే" అంది.

నేనైతే అరిచేదాన్ని. నువ్వు అరవలేదు. నాకంటే గట్టిగా వినపడింది. ఒప్పుకుంటున్నాను, ఒక్కసారికి.

జాబితా సంగతి వెంటనే రాయి. నా మూట కట్టే ఉంది.

కుమూష్


సారీకెచూ
జూన్

అక్కా,

మూట విప్పెయ్. జాబితాలో ఉన్నాను. పన్నెండుమందిమీ ఉన్నాం. విదేశీయుల్లో ఒకావిడ నెల పాటు ఉండి బొమ్మల పని మా మాస్టర్లకి నేర్పింది. మొదటి క్లాసులో మా పక్కనే బల్ల మీద కూర్చుని నేర్చుకున్న విద్యార్థి ఎవరనుకున్నావ్? రోజా ఇసాకోవ్నా. తిత్తి పట్టుకోవడం ఆవిడకి నాకంటే ఆలస్యంగా వచ్చింది. "నవ్వకండి" అని ఆవిడే నవ్వారు.

ముసుగు ఇప్పుడు నేను కళ్ళు మూసుకుని పెడతాను. మొదటేడు వాళ్ళకి నేనే నేర్పుతున్నాను. చోల్పోన్ వేళ్ళు చిన్నవి, అందుకని దానికి వేరే పట్టు కనిపెట్టాం.

పోయిన వారం నా చేతుల కింద పెద్ద బొమ్మ ఛాతీలో టప్‌మని ఏదో విరిగింది. అదే సమయానికి రోజా ఇసాకోవ్నా గుమ్మంలో ఉన్నారు. వచ్చి, వంగి చూశారు. "ఇలా నొక్కితే నిజం మనిషికీ పక్కటెముక విరుగుతుంది. ప్రాణం పోయేకంటే నయం. ఆపకు, నొక్కు" అన్నారు. నొక్కాను. తైయిర్‌బెక్ దానికి వైరు చుట్టి బాగుచేశాడు. ఇప్పుడు మన బొమ్మ కాస్త కీచుమంటుంది. ఎవరికీ పట్టింపు లేదు.

ఇక వార్డు సంగతి. దీన్ని ఆఖర్న రాస్తున్నాను. కాగితం మిగలాలని ముందే చూసుకున్నాను.

అసన్‌కుల్ షారిపోవిచ్ ఇప్పుడు గదిలోకి రాగానే "తలుపు దగ్గరున్నవాళ్ళు ముందుకి రండి" అంటాడు. ముఖం ముడుచుకునే అంటాడు, అయినా అంటాడు. నిన్న నన్ను పిలిచాడు. మంచం మీద ఒక పెద్దావిడ, కొండమీద నించి గుర్రబ్బండిలో తెచ్చారు. నా చెయ్యి ఆవిడ పొట్ట మీద పెట్టాను. "అబ్బ, మంచులా ఉందే నీ చెయ్యి" అంది. రుద్దుకుని వేడి చేసుకుని మళ్ళీ పెట్టాను. కుడి పక్కటెముకల కింద, వేళ్ళు పైకి చూసేలా, పుస్తకంలో ఉన్నట్టు. ఏమీ లేదు. మెత్తగా ఉందంతే. వెనకనించి ఎవరూ తొందర పెట్టలేదు.

"అమ్మా, గట్టిగా ఊపిరి పీల్చండి" అన్నాను.

ఆవిడ పీల్చింది. లోపల్నించి ఏదో మెల్లగా కిందికి దిగి, వచ్చి, నా వేళ్ళకి తగిలింది అక్కా. కాలేయం అంచు. గుండ్రంగా, కాస్త గట్టిగా. ఊపిరి వదిలితే వెనక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ పీల్చమన్నాను. మళ్ళీ వచ్చింది.

"దొరికిందా?" అంది ఆవిడ.

"దొరికిందమ్మా" అన్నాను.

జీపారా